సమన్లు వచ్చాయి, వకీలుకు డబ్బుల్లేవు

ప్రశ్న: ఇంటి స్థలంపై మా మరిది దావా వేశాడు. కుట్టుపని నా ఆధారం. ఉచిత వకీలుకు ఆదాయ ధ్రువపత్రం కావాలంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అక్కర్లేదమ్మా. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయ పరిమితి లేదు. కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వండి. ఆధార్, సమన్లు, దావా ప్రతి జిరాక్సులు జతచేసి, దరఖాస్తు మీ కాపీపై అందినట్టు ముద్ర వేయించుకోండి. సందేహముంటే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

చాలామంది దెబ్బతినేది గడువు దగ్గరే. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా (ఆ దావాకు మీ రాతపూర్వక సమాధానం) వేయాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన గడువు ఆగదు. వకీలును కేటాయించేలోగా వాయిదా వస్తే మీరే వెళ్లి, ముద్ర వేసిన కాపీ చూపి సమయం అడగండి. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడుపుతారు. కేటాయించిన వకీలు ఫీజు అడిగితే (అడిగేవాళ్లూ ఉంటారు) ఇవ్వకండి. జిల్లా న్యాయసేవల సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.