సుడిదోమ దోమేనా? కంకినల్లి నల్లేనా?

సందేహం: పంటలను పాడుచేసే 'బగ్స్' మీద, వాటిలో మందుకు పనికొచ్చేవాటి మీద జరిగిన పరిశోధనల గురించి వ్యాసం రాస్తున్నాను. 'బగ్స్' అన్నచోటల్లా 'నల్లులు' అనవచ్చా? సుడిదోమ, తెల్లదోమ అసలు దోమలే కావు గదా, ఆ పేర్లు దిద్దాలా? పురుగుల నుంచి తయారయ్యే మందును 'పురుగుమందు' అంటే తప్పా?

సమాధానం: రైతులు పెట్టిన పేర్ల జోలికి వెళ్ళకండి. దోమ అనే మాటను జనం శాస్త్ర వర్గీకరణ చూసి వాడలేదు. చిన్నగా ఉండి, కదిలిస్తే గుంపుగా లేచి, గుచ్చి పీల్చేది వాళ్ళకు దోమే. మనల్ని కుట్టే దోమకు రెక్కలు రెండే. తెల్లదోమకు నాలుగు, వాటి మీద తెల్లని మైనపు పొడి. సుడిదోమ వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. నష్టం ఆనవాలు పేరులోనే ఉంది. మనం దిద్ది పెట్టే పేరు ఇంతకన్నా ఏం చెబుతుంది?

'నల్లి' దగ్గర మాత్రం జాగ్రత్త. మంచంలో నల్లి, వరిగింజ పాలు పీల్చే కంపునల్లి, పిండినల్లి మీరు 'బగ్స్' అంటున్న హెమిప్టెరా క్రమానివే (క్రమం అంటే కీటకాల వర్గీకరణలో ఒక పెద్ద గుంపు). కంకినల్లి, మిరపను పట్టే ఎర్రనల్లి అలా కాదు; ఎనిమిది కాళ్ళతో సాలీడుకు చుట్టాలు, అసలు కీటకాలే కావు. ఇటు చూస్తే సుడిదోమ, తెల్లదోమ, పేనుబంక పేరులో నల్లి లేకున్నా ఈ క్రమంలోవే. కాబట్టి అన్నిటినీ 'నల్లులు' అంటే ఉండాల్సినవి జారిపోయి, ఉండకూడనివి వచ్చి చేరతాయి. 'రసం పీల్చే పురుగులు' అన్నా కుదరదు, వేరే క్రమానికి చెందిన తామరపురుగులూ అందులోకి వస్తాయి. క్రమానికి హెమిప్టెరా అనే రాసి, విడివిడి పురుగులకు వాడుక పేర్లు ఉంచండి. 'సగం రెక్క' అనే అర్థమున్న ఆ గ్రీకు మాటను విడదీసి 'అర్ధపక్షాలు' అని అల్లారనుకోండి, చదివేవారు వారం రోజుల లెక్క అనుకుంటారు!

ఇక 'పురుగుమందు'. సమాసం రీత్యా తప్పు లేదు. దగ్గుమందు దగ్గుకు మందు, పసరుమందు పసరుతో చేసిన మందు. సమాసాన్ని ఎలా విడదీసి అర్థం చెప్పుకోవాలో వాడుకే తేలుస్తుంది, పురుగుమందు విషయంలో ఎప్పుడో తేల్చేసింది కూడా. లక్కపురుగులు ఇచ్చే లక్కతో కాచే లాక్షాది తైలాన్ని పురుగుమందు అంటే ఎవరూ ఒంటికి రాసుకోరు. 'ఔషధ మొక్కలు' అన్నట్టే 'ఔషధ కీటకాలు' అనండి. చైనా సంప్రదాయ వైద్యంలో వాడే, సికాడా (చెట్ల మీద రొదపెట్టే పురుగు) విడిచిన పైపొరకు మాత్రం కొత్త మాట వెతకనక్కర్లేదు. పాము విడిచినదాన్ని కుబుసం అంటాం, దీన్నీ అలాగే అనవచ్చు.