పొలం ట్రాక్టర్ తొట్టిలో కిరాయికి ఇటుకలు తోలొచ్చా?

తోలకూడదు. వ్యవసాయానికని రిజిస్టర్ చేసిన ట్రాక్టర్, తొట్టి రవాణా వాహనాల కిందికి రావు. కిరాయి తీసుకుని సరుకు మోస్తే 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ ఉండాలి. తొట్టిని కూడా ఆ పనికే రిజిస్టర్ చేయించి, ఫిట్‌నెస్ (బండి రోడ్డు మీద నడపడానికి తగినదన్న సర్టిఫికెట్) తెచ్చుకోవాలి. చట్టం చూసేది బండిని దేనికి వాడుతున్నారన్నదే.

నరసన్నపేట రైతు తన ధాన్యాన్ని తన తొట్టిలో మిల్లుకు తీసుకెళ్తే పేచీ లేదు. తిరుగు ప్రయాణంలో బట్టీ దగ్గర ఆగి, వేరొకరి ఇంటి పనికి వెయ్యి ఇటుకలు కిరాయికి ఎత్తితే మాత్రం అదే బండి పర్మిట్ లేని సరుకు బండి అయిపోతుంది. జరిమానా 10,000 రూపాయలు, జైలు కూడా పడొచ్చు. దారిలో ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు వేరే, నిజానికి అదే పెద్ద దెబ్బ.

‘చిన్న బండికి పర్మిట్ అక్కర్లేదు కదా’ అని చాలామంది అంటారు. ఆ మినహాయింపు స్థూల బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండ్లకే. స్థూల బరువంటే బండి, లోడు కలిపి. వెయ్యి ఇటుకలే సుమారు మూడు టన్నులు తూగుతాయి, ఇక తొట్టి బరువు సంగతి చెప్పక్కర్లేదు. ‘ఊళ్ళోనే కదా, రెండు కిలోమీటర్లే’ అన్నదీ చెల్లదు. పర్మిట్‌కి దూరంతో పని లేదు.