బడి మీద పీహెచ్‌డీ చేస్తానంటుంది, ఎంఈడీ చేయించాలా ఎంఏ చేయించాలా?

మల్కాజ్‌గిరి నుంచి ఒకమ్మ అడిగారు. వాళ్ల అమ్మాయి బీఏ హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ అయ్యాక బీఈడీ చేసింది. ట్రైనింగ్‌లో సర్కారు బడికి పోయినప్పుడు పిల్లలు పుస్తకంలో తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, పరీక్షలో మాత్రం ఇంగ్లీష్ వాక్యాలు బట్టీ పట్టి రాయడం చూసిందట, అప్పటి నుంచి దీని మీదే రీసెర్చ్ చేస్తా అని పట్టుబట్టింది. చుట్టాలు డీఎస్సీ రాయించండి చాలు అంటున్నారట.

అమ్మా, మీ అమ్మాయి పట్టుకున్నది చాలా పెద్ద ప్రశ్న. మన తెలంగాణ సర్కారు బళ్లలో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం మొదలైంది, ఒక పక్క తెలుగు ఒక పక్క ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలు కూడా అప్పుడే వచ్చాయి. ఆ పుస్తకంతో క్లాసులో నిజంగా ఏం జరుగుతుందో కూర్చుని చూసేవాళ్లు కావాలి, బీఈడీ చేసి బడిలో నిలబడిన పిల్ల అడుగుతుందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కానీ ఈ ప్రశ్న ఒక్క ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌ది కాదు, అక్కడే మీకు కన్ఫ్యూజన్ వస్తుంది. ఇదే ప్రశ్న హిస్టరీ వాళ్ల చేతికిస్తే సీదా ఉస్మానియాకి పోతారు, ఎందుకంటే 1918లో ఆ యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది, దానికి ముందే 1917లో దారుల్ తర్జుమా అని అనువాదాల కోసమే ఒక ఆఫీసు పెట్టి సైన్స్ పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు, శాస్త్ర పదాలు కొత్తగా తయారు చేశారు. అంటే చదువు ఏ భాషలో చెప్పాలి అన్న గొడవ హైదరాబాద్‌కి వందేళ్ల పాతది. నిజాం కాలం కాగితాలు తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అయితే ఉర్దూ లిపి చదవడం రావాలి, అది రాకుండా ఆ దారిలో దిగొద్దు. సోషియాలజీ వాళ్లయితే ఏ కులం ఇళ్ల నుంచి ఏ పిల్లలు ఇంకా సర్కారు బడిలో మిగిలారు, ఇంగ్లీష్ కావాలని తల్లిదండ్రులే ఎందుకు అడుగుతున్నారు అని ఇళ్లకు పోయి అడుగుతారు. భాష సంగతే ముఖ్యం అనుకుంటే హైదరాబాద్‌లోనే ఇఫ్లూ ఉంది, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ.

డేటా, గణాంకాల వైపు ఆసక్తి ఉంటే యంగ్ లైవ్స్ అని ఒక స్టడీ గురించి చెప్పండి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టి మూడు వేల మంది పిల్లల్ని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా ఫాలో అయ్యారు, హైదరాబాద్ పిల్లలు కూడా ఉన్నారు అందులో, బడి, ఆరోగ్యం, ఇంటి ఆదాయం అన్నీ ఒక్కచోట ఉంటాయి. ఆ డేటా రీసెర్చ్ చేసేవాళ్లకి ఇస్తారు.

ఇక మీరడిగినదానికి నా సలహా: ఎంఏ సోషియాలజీ. బీఈడీ చేతిలో ఉంది కాబట్టి బడి ఎట్లా నడుస్తదో తెలుసు, లేనిది ఫీల్డ్‌వర్క్ ఎట్లా చేయాలి, మనిషితో ఎట్లా మాట్లాడి రాసుకోవాలి అన్న ట్రైనింగ్, అది అక్కడ దొరుకుతది. ఇంకో కారణం ఉద్యోగం. కాలేజీలో లెక్చరర్ అర్హతకి రాసే నెట్ పరీక్ష మామూలుగా పీజీ సబ్జెక్టులోనే రాయాలి, కాలేజీ పోస్టులు కూడా సబ్జెక్టు పేరు మీదే పడతాయి. అన్నీ కొంచెం కొంచెం చదివిన పిల్లలు ఇంటర్వ్యూలో ఏ బోర్డు ముందు కూర్చోవాలో తెలియక ఇబ్బంది పడటం చాలా చూశాను, బాధేస్తది. అందుకే డిగ్రీ ఒక సబ్జెక్టులో గట్టిగా ఉండాలి, పరిశోధన మాత్రం బడి మీద చేసుకోవచ్చు. బీఈడీ కాలేజీలో లెక్చరర్ అవ్వాలన్నదే కోరిక అయితే అప్పుడు ఎంఈడీ మంచిది. టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్‌లో ఎంఏ ఎడ్యుకేషన్ కూడా ఉంది, బాగుంటది, కానీ మీ అమ్మాయికి నా మొదటి ఓటు హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) సోషియాలజీకే.

డబ్బుల సంగతి దాచను. నెట్‌లో జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అలవెన్స్ వేరే. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకి 8,000 మాత్రమే, హైదరాబాద్‌లో దాంతో బతకడం కష్టం, ఇంటి సపోర్ట్ కావాల్సిందే. అందుకని ఎంఏలో ఉన్నప్పుడే జేఆర్‌ఎఫ్ మీద సీరియస్‌గా కూర్చోవాలి.

చుట్టాల మాట కూడా పూర్తిగా తప్పేం కాదు. డీఎస్సీ నోటిఫికేషన్ పడితే రాయనివ్వండి, ఎందుకంటే 2022 యూజీసీ రూల్స్ ప్రకారం ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు, పనిచేసే శాఖ నుంచి నో అబ్జెక్షన్ లెటర్ తెచ్చుకోవాలి అంతే. రోజూ క్లాసులో ఉండే టీచరే ఈ ప్రశ్న మీద పనిచేస్తే ఇంకా మంచిది అని నేను గట్టిగా నమ్ముతాను.

హెచ్‌సీయూలో ఎంఏకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈలోపు మీ అమ్మాయిని బడిలో చూసినవన్నీ, ఏ క్లాసు, ఏ పాఠం, పిల్లలు ఏమన్నారు, మర్చిపోకముందే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోమనండి, అందులోంచి ఒక పేజీ నాకు పంపితే చూసి చెప్తాను.