సొంత కణాలతో మూత్రాశయ క్యాన్సర్‌కి చికిత్స: ట్రయల్‌లో ఎప్పుడు చేరాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. మూత్రాశయ క్యాన్సర్ ఊపిరితిత్తులకీ, పొట్టలోని లింఫ్ గ్రంథులకీ పాకింది. ఇంకా ఏ చికిత్సా మొదలుపెట్టలేదు. రోగి కణాలనే పెంచి తిరిగి ఎక్కించే ‘టిల్’ చికిత్స అమెరికాలో వచ్చిందని తమ్ముడు అంటున్నాడు. కీమో జోలికి పోకుండా నేరుగా దానికే వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దమ్మా, ఆ క్రమం సరైంది కాదు. కణితిలోకి చొరబడి దానితో పోరాడుతున్న టి-కణాలనే (తెల్లరక్తకణాల్లో ఒక రకం) టిల్ అంటారు. 1988లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో వీటి ఫలితాలు ప్రకటించింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన టిల్ చికిత్స లైఫిల్యూసెల్ కూడా మెలనోమాకే. అక్కడ కూడా కణితులు బాగా తగ్గింది మూడోవంతు మందికి కాస్త తక్కువగానే. మూత్రాశయ క్యాన్సర్‌లో ఈ చికిత్స ఇంకా పరీక్ష దశ దాటలేదు.

మీ నాన్నగారి దశకు రుజువైన మందులు ఉన్నాయి. ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ జంటను కీమోతో పోల్చిన 886 మంది ట్రయల్‌లో, ఈ జంట మందులు తీసుకున్నవారిలో సగం మంది 31.5 నెలలు దాటి బతికారు. కీమో తీసుకున్నవారిలో ఆ లెక్క 16.1 నెలలు. ఖర్చు వల్ల ఆ జంట అందకపోతే జెమ్‌సిటాబిన్‌తో సిస్‌ప్లాటిన్ గానీ కార్బోప్లాటిన్ గానీ ఇస్తారు. నాలుగు నుంచి ఆరు సైకిళ్ల తర్వాత జబ్బు అదుపులో ఉంటే అవెలుమాబ్ కొనసాగించవచ్చు. ముందు వీటిలో ఒకటి తప్పనిసరిగా తీసుకోవాలి.

అలాగని ట్రయల్ సంగతి ఆఖరికి వాయిదా వేయొద్దు. మా దృష్టికి వచ్చే కేసుల్లో ఎక్కువగా జరుగుతున్న పొరపాటు ఇదే. అన్ని మందులూ అయిపోయి, మనిషి మంచానపడి, కిడ్నీలు దెబ్బతిని క్రియాటినిన్ పెరిగాక ఫైలు పట్టుకుని తిరుగుతారు. అప్పటికి ఏ ట్రయల్ వాళ్లూ తీసుకోరు. మొదటి వరుస మందు పనిచేస్తున్నప్పుడే ఆరా తీసి పెట్టుకోండి. స్కానింగ్‌లో జబ్బు మళ్లీ పెరిగినట్టు మొదటిసారి కనిపించిన రోజే ట్రయల్ వాళ్లకు ఫోన్ చేయాలి.

ప్రశ్న: కణితి ముక్క నుంచి కణాలు ఎలా తీస్తారు? పాత బయాప్సీ బ్లాకులు మా దగ్గర ఉన్నాయి, వాటితో పని జరుగుతుందా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: జరగదు. బయాప్సీ ముక్కను ఫార్మలిన్‌లో వేసిన క్షణమే అందులోని కణాలు చచ్చిపోతాయి. ఆ బ్లాకులు జన్యు పరీక్షలకు పనికొస్తాయి కాబట్టి జాగ్రత్తగా దాచండి. టిల్‌కి మాత్రం కొత్తగా, బతికున్న ముక్క కావాలి. సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు లేదా అంతకన్నా పెద్దది.

మూత్రాశయ క్యాన్సర్‌లో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మూత్రనాళం ద్వారా పరికరం పంపి కరెంటు తీగతో చెక్కిన ముక్కల అంచులు కాలిపోయి ఉంటాయి. పైగా అవి మూత్రంలో తడిసినవి, అందులో బ్యాక్టీరియా ఉండొచ్చు. రవాణా ద్రవంలో యాంటీబయాటిక్స్ కలిపినా ఒక్కోసారి కల్చర్‌లో బ్యాక్టీరియా పెరిగి బ్యాచ్ మొత్తం పారబోయాల్సి వస్తుంది. అందుకే వీలైతే లింఫ్ గ్రంథి నుంచో, ఊపిరితిత్తిలోని గడ్డ నుంచో ముక్క తీయడం మేలు. రేడియేషన్ పడిన గడ్డను సాధారణంగా ఎంచుకోరు. ఉన్న ఒక్క గడ్డనూ కోసేస్తే తర్వాత స్కానింగ్‌లో కొలవడానికి ఏమీ మిగలదు కాబట్టి, కొలిచేందుకు మరొకటి ఉందో లేదో ముందే చూస్తారు.

ల్యాబ్‌లో ఆ ముక్కను స్కాల్పెల్‌తో రెండు, మూడు మిల్లీమీటర్ల తునకలుగా కోస్తారు. నెత్తురు గడ్డలు, కొవ్వు, కుళ్లిన భాగం పక్కకు తీసేసి, టి-కణాలను పెంచే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రొటీన్ కలిపిన పోషకద్రవంలో ఉంచుతారు. కొద్ది రోజులకు తునకల చుట్టూ టి-కణాలు బయటికి పాకుతూ మైక్రోస్కోపులో కనిపిస్తాయి. రెండో దశలో వాటికి టి-కణాలను ఉత్తేజపరిచే సీడీ-3 యాంటీబాడీ, రేడియేషన్‌తో విభజన ఆపేసిన దాతల తెల్లకణాలు, ఇంకాస్త ఇంటర్‌ల్యూకిన్ కలుపుతారు. ఆ దాతల కణాలు తాము పెరగవు, టి-కణాలు పెరగడానికి ఊతమిస్తాయి. పాత పద్ధతిలో మొత్తం అయిదారు వారాలు పట్టేది, లైఫిల్యూసెల్ పద్ధతిలో 22 రోజులు. చివరికి చేతికొచ్చే డోసు 750 కోట్ల నుంచి 7,200 కోట్ల కణాలు.

ఇది మూడు చోట్ల బెడిసికొడుతుంది. కణాలు సరిపడా పెరగకపోవచ్చు, కల్చర్ కలుషితం కావచ్చు, లేదా ఈలోపు రోగి పరిస్థితి దిగజారవచ్చు. మూడోదాన్ని నివారించడానికి, కణాలు పెరుగుతున్న వారాల్లో జబ్బును అదుపులో ఉంచే మందు ఇవ్వొచ్చా అని ట్రయల్ డాక్టర్‌ను తప్పక అడగండి. కొన్ని ట్రయల్స్ ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

ప్రశ్న: ఆసుపత్రిలో ఎన్నాళ్లు ఉండాలి? ఏ ప్రమాదాలుంటాయి? నాకు ఒక కిడ్నీకి స్టెంట్ వేశారు.
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండు, మూడు వారాలు అనుకోండి. మామూలు వరుస ఇలా ఉంటుంది. మొదటి రెండు రోజులు సైక్లోఫాస్ఫమైడ్, కిలోకి 60 మిల్లీగ్రాముల చొప్పున. తర్వాత అయిదు రోజులు ఫ్లూడరాబిన్. ఒంట్లో ఉన్న తెల్లకణాలను తుడిచిపెట్టి, కొత్తగా వచ్చే కణాలకు చోటు చేయడం వీటి పని. ఆ తర్వాత గడ్డకట్టించి భద్రపరిచిన టిల్ కణాల సంచీని కరిగించి సెలైన్‌లా ఎక్కిస్తారు. కణాలను కాపాడిన డీఎంఎస్‌ఓ అనే ద్రవం వల్ల ఒకటి రెండు రోజులు ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఆపైన ఇంటర్‌ల్యూకిన్-2, కిలోకి ఆరు లక్షల యూనిట్లు, 8 నుంచి 12 గంటలకోసారి, గరిష్ఠంగా ఆరు డోసులు.

మీలాంటివారు జాగ్రత్తగా చూడాల్సింది కిడ్నీలే. ఫ్లూడరాబిన్ బయటికి పోయేది మూత్రంలోనే. కిడ్నీ సరిగా పనిచేయకపోతే మందు ఒంట్లో పేరుకుంటుంది, డోసు తగ్గించాలి, మరీ తక్కువుంటే అసలు ఇవ్వకూడదు. ఇంటర్‌ల్యూకిన్ రక్తనాళాల నుంచి నీరు బయటికి కారేలా చేస్తుంది. బీపీ పడిపోతుంది, ఒళ్లు నీరుపట్టి బరువు పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. ఆ లక్షణాలు ముదిరితే మిగతా డోసులు ఆపేస్తారు. ఆరూ పూర్తికాలేదని బాధపడకండి, చాలామందికి పూర్తికావు. స్టెంట్‌లో ఇన్‌ఫెక్షన్ దాగి ఉంటే తెల్లకణాలు సున్నాకు చేరిన రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి చికిత్సకు ముందే స్టెంట్ మార్పించడం, మూత్రం కల్చర్ చేయించడం గురించి యూరాలజిస్టుతో మాట్లాడండి.

మూత్రాశయం తీయనివారికి ఇంకో సంగతి. సైక్లోఫాస్ఫమైడ్ విరిగి అక్రోలిన్ అనే పదార్థంగా మూత్రంలోకి చేరి మూత్రాశయం పొరను కాలుస్తుంది, రక్తం పడుతుంది. దాన్ని అడ్డుకోవడానికే మెస్నా అనే మందు, ధారాళంగా సెలైన్ ఇస్తారు. గతంలో అక్కడ రేడియేషన్ తీసుకుని ఉంటే ఆ విషయం దాచొద్దు.

గుండె ఎకో, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష, హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ పరీక్షలు ముందుగా ఉంటాయి. రోజూ స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నా చెప్పాలి, అవి టి-కణాలను అణిచేస్తాయి. ఈ చికిత్స వల్లే చనిపోయినవారూ ఉన్నారు. లైఫిల్యూసెల్ లేబుల్ మీద ఎఫ్‌డీఏ ఆ హెచ్చరికను చుట్టూ గీత గీసిన పెట్టెలో, ప్రత్యేకంగా కనిపించేలా అచ్చు వేయించింది. ఇంటికొచ్చాక రక్తం ఎక్కించాల్సి వస్తే, ‘ఫ్లూడరాబిన్ తీసుకున్నాను, రేడియేషన్ చేసిన రక్తమే కావాలి’ అని చెప్పండి. లేకపోతే దాతల కణాలు మీ ఒంటి మీదే దాడిచేసే ప్రమాదం ఉంది. ఈ మాట ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఊరి ఆసుపత్రిలో అడిగేవారు ఉండకపోవచ్చు.

ప్రశ్న: అమ్మ విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. ఇక్కడ ట్రయల్‌లో చేర్చవచ్చా?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: చేర్చుకునేదీ లేనిదీ ఆయా ట్రయల్‌ని బట్టి ఉంటుంది. ముందు డబ్బు లెక్క తేల్చుకోండి. పెంచిన కణాల ఖర్చు సాధారణంగా ట్రయల్ నడిపేవారే భరిస్తారు. స్కానింగ్‌లు, గది, ఐసీయూ వంటివి ‘మామూలు వైద్యం’ కింద బిల్లు కావచ్చు. అప్పటికే ఉన్న జబ్బుకు విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా చెల్లించదు. బెథెస్డాలో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నడిపే క్లినికల్ సెంటర్‌లో మాత్రం ట్రయల్‌లో చేరినవారికి వైద్యం ఉచితం. ఎంపిక పరీక్షలు, ఆపరేషన్, కణాలు పెరిగే వారాలు, ఆసుపత్రి, తర్వాత ఆరో వారం, పన్నెండో వారం స్కాన్‌లు కలిపితే నాలుగైదు నెలలు. వీసా గడువుతో సరిచూసుకోండి.

‘టాంపాలోని మోఫిట్ సెంటర్‌లో ఐసీయూ లేకుండా ఇస్తున్నారట’ అని కూడా రాశారు. అది వేరే ట్రయల్. మూత్రాశయంలోకి ఎక్కించే బీసీజీ మందు తీసుకున్నా తగ్గకుండా, మూత్రాశయం లోపలే ఉన్న క్యాన్సర్‌కి, క్యాథెటర్ ద్వారా కణాలను నేరుగా మూత్రాశయంలోకి పంపి చూసే తొలిదశ పరీక్ష. ఇతర అవయవాలకు పాకినవారికి అది వర్తించదు.

ప్రశ్న: మేజ్-ఏ4 కణచికిత్సకు ‘మీ రక్తం టైపు సరిపోలేదు’ అన్నారు. బ్లడ్ గ్రూపా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కాదు, హెచ్‌ఎల్‌ఏ టైపు, అంటే కణాల మీద ఉండే గుర్తింపు ప్రొటీన్ల రకం. ఆ చికిత్సలో, కణితిలోని మేజ్-ఏ4 ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా టి-కణాలకు ల్యాబ్‌లో కొత్త గ్రాహకం తగిలిస్తారు. అది హెచ్‌ఎల్‌ఏలో ఏ-2 అనే రకానికి చెందిన కొన్ని ఉపరకాల మీద మాత్రమే లక్ష్యాన్ని గుర్తుపడుతుంది. 2024 ఆగస్టులో సైనోవియల్ సార్కోమా అనే మెత్తటి కణజాల క్యాన్సర్‌కు అనుమతి పొందిన అలాంటి చికిత్స అఫామిసెల్‌కి 02:01, 02:02, 02:03, 02:06 రకాల్లో ఏదో ఒకటి ఉండాలి. మనవాళ్లలో ఏ-2 ఉన్నా, తరచుగా కనిపించేది 02:11. రిపోర్టులో ఉత్త ‘ఏ-2’ అని ఉంటే ఆశ పెట్టుకోకుండా, నాలుగంకెల రిపోర్టు అడగండి. టిల్‌కి ఈ బెడద లేదు.

ప్రశ్న: ఒక క్లినిక్‌లో రక్తం తీసి ‘ఇమ్యూన్ సెల్స్’ పెంచి ఎక్కిస్తామని లక్షలు అడుగుతున్నారు. ఇదీ అదేనా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. కణితి ముక్క తీయకుండా టిల్ ఉండదు. మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి పొందిన కార్-టి చికిత్స (రక్తం నుంచి తీసిన టి-కణాలను ల్యాబ్‌లో మార్చి ఎక్కించేది) నెక్స్‌కార్19 ఉంది గానీ, అది బి-కణాల రక్త క్యాన్సర్లకు. ఎవరైనా ‘ట్రయల్’ అంటే దేశంలోని ట్రయల్స్‌ను నమోదుచేసే సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం, తెలుగులో సమ్మతి పత్రం అడిగి తీసుకుని, నంబరును సీటీఆర్‌ఐ వెబ్‌సైటులో మీరే కొట్టి చూడండి. పరిశోధన ఖర్చును రోగి నుంచి వసూలు చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. లక్షలు అడిగారంటే అక్కడ డబ్బు కట్టొద్దు.