బ్రిటిష్‌వాళ్ళు గీసిన హద్దుల వల్ల ఇప్పటికీ గొడవలు జరుగుతున్నాయా? మీరు కళ్ళారా చూసిందేమైనా ఉందా?

ఉంది. మాది ఆంధ్రాలో ఒడిశా సరిహద్దు పక్కనున్న సాలూరు. ఇలాంటి ప్రశ్నకు అందరూ కశ్మీరో పాలస్తీనావో అంటారు గానీ, నాకు మాత్రం మా ఊరి అవతల కొండెక్కితే వచ్చే, ఆంధ్రా, ఒడిశా రెండూ మావేనంటున్న కొఠియా గ్రామాలే గుర్తొస్తాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశాను ప్రత్యేక రాష్ట్రం చేసినప్పుడు జయపురం ఎస్టేటును మద్రాసు నుంచి తీసి అటు కలిపారు. అంతకుముందు అదంతా విశాఖపట్నం జిల్లాయే. భాషను బట్టి విభజన అన్నారు. తీరా చూస్తే ఆ కొండల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగూ కాదు, ఒడియా కాదు, కోందుల భాష కువి! పైగా ఓ 21 ఊళ్ళు సర్వేకు అందకుండా ఉండిపోయాయి, అవే ఈ కొఠియా ఊళ్ళు. వాటికోసం 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. ఇది మేం తేల్చేది కాదు, పార్లమెంటు చూసుకోవాలని 2006లో కోర్టు అంది. పార్లమెంటు ఇంకా చూసుకోలేదు.

కొన్నేళ్ళ కిందట, అల్లం కొనే మా స్నేహితుడి బండెక్కి అక్కడికెళ్ళాను. ఓ ఇంట్లో పెద్దావిడ వాసాల సందులోంచి ప్లాస్టిక్ కవరు తీసి మా ముందు పరిచింది. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఒకదాంట్లో ఆవిడ వయసు 48, ఇంకోదాంట్లో 55. పింఛనుకు ఏది పనికొస్తుందో ఆవిడకు బాగా తెలుసు. రెండు చోట్లా తీసుకోవచ్చా అని మావాడు నోరుజారాడు. "రెండు గవర్నమెంట్లూ ఇత్తన్నాయి, వద్దంటామేటి బాబూ?" అంది.

మామూలు రోజుల్లో అక్కడ గొడవేమీ కనబడదు. అల్లం, చింతపండు సాలూరు సంతకే దిగుతాయి, జ్వరమొస్తే సాలూరే వస్తారు. ఎన్నికలొస్తేనే రెండు వైపుల అధికారులకూ సరిహద్దు గుర్తొస్తుంది. 2021 ఫిబ్రవరిలో మనవాళ్ళు పంచాయతీ ఎన్నికలు పెడితే, కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అందుకే తప్పంతా తెల్లవాడి మీదకు తోసేయడం నాకు నచ్చదు. వాళ్ళు పోయి డెబ్భై ఏళ్ళు దాటింది, ఆ ఊళ్ళను కొలవడానికి మనకు టైము లేకనా?

మేం బయల్దేరుతుంటే ఆవిడ కవరు మడత పెట్టి మళ్ళీ వాసాల్లో దోపింది. "కార్డులైతే రెండేసున్నాయి బాబూ, పోడుకి పట్టా ఒక్కటీ నేదు" అంది.