టెక్ సందేహాలు: క్లస్టర్‌ను ఏఐకి చూపించండి, తాళాలు మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. ఇక్కడి రైస్ మిల్లులకు కాంటా సాఫ్ట్‌వేర్ చేసిచ్చి నేనే చూసుకుంటున్నా. మూడు పాత కంప్యూటర్లను జతచేసి కే3ఎస్ క్లస్టర్ పెట్టిన, అంటే ప్రోగ్రామ్‌లను నడిపించి పడిపోతే మళ్లీ లేపే కుబర్నెటిస్‌కు చిన్న రూపం. యాసంగి వడ్లు వచ్చే టైంలో చిట్టీలు కొట్టే ప్రోగ్రామ్ ఉన్న పాడ్ ఊకె పడిపోయి లేస్తోంది. గేటు బయట లారీలు బారులు కడితే మిల్లు నుంచి ఒకటే ఫోన్లు, టెన్షన్. ఏఐ అసిస్టెంట్‌ను క్లస్టర్‌కు కలిపితే అదే చూసి సరిచేస్తదని దోస్తు చెప్పిండు. కలపొచ్చా? ఎట్ల కలపాలె?

జవాబు: నిక్షేపంగా కలపొచ్చు. చూసి చెప్పే పనికి ఏఐ బాగా అక్కరకొస్తుంది. "అదే సరిచేస్తది" అన్న మాటతోనే నాకు పేచీ.

ఏఐకీ క్లస్టర్‌కీ మధ్య ఒక చిన్న ప్రోగ్రామ్ ఉండాలి. దాన్ని ఎంసీపీ సర్వర్ అంటారు. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఈ పద్ధతిని ఆంత్రోపిక్ 2024 నవంబరులో అందరికీ విడుదల చేసింది. తర్వాత మిగతా కంపెనీలూ అందుకున్నాయి. పేరులో సర్వర్ ఉందని కొత్త మెషీన్ కొనే పని లేదు, మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. "చిట్టీల పాడ్ ఎందుకు పడిపోతోంది?" అని మీరు అడిగితే, ఏఐ ఆ ప్రోగ్రామ్‌ను పాడ్ల జాబితా, లాగ్‌లు (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా) తెమ్మంటుంది. అది క్లస్టర్ చిరునామా, తాళం ఉండే మీ కుబ్‌కాన్ఫిగ్ ఫైలు పట్టుకుని, క్లస్టర్‌కు గుమ్మంలా 6443 పోర్టులో కూర్చున్న ఏపీఐ సర్వర్ దగ్గరికి వెళ్లి తెచ్చిస్తుంది.

కిటుకంతా ఆ ఫైలులోనే ఉంది. ఎంసీపీ సర్వర్‌కు సొంత అధికారమంటూ లేదు, మీరిచ్చిన కుబ్‌కాన్ఫిగ్‌కు ఎంత ఉంటే దానికీ అంతే. కే3ఎస్ ఇన్‌స్టాల్ కాగానే దానంతటదే తయారుచేసే ఫైలుకు క్లస్టర్ అడ్మిన్ అధికారం ఉంటుంది. అంటే దేన్నైనా చూడొచ్చు, మార్చొచ్చు, తీసేయొచ్చు. చాలామంది అదే ఫైలు చూపించి కానిచ్చేస్తారు. కాంటా చూసి రమ్మని పంపిన కుర్రాడికి బీరువా తాళాలు కూడా చేతిలో పెట్టినట్టు.

"రీడ్ ఓన్లీ ఆప్షన్ ఉందిగా" అనొచ్చు. ఉంది. కుబర్నెటిస్ ఎంసీపీ సర్వర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో ఆ ఫ్లాగ్ పెడితే మార్చే పనులన్నీ ఆగిపోతాయి. తప్పకుండా పెట్టండి. కానీ దాన్ని మాత్రమే నమ్ముకుంటే చిక్కేమిటంటే, అడ్మిన్ ఫైలుతో నడిచే ప్రోగ్రామ్ దేన్నీ మార్చకుండానే, పాస్‌వర్డ్‌ల వంటివి దాచే సీక్రెట్లు చదవగలదు. డేటాబేస్ పాస్‌వర్డ్ సీక్రెట్‌లో భద్రంగా ఉందనుకుంటాం గానీ, అక్కడ కనిపించేది ఉత్త బేస్64 రాత, అంటే తాళమేమీ లేకుండా అక్షరాలు మార్చి రాయడమే. దాన్ని విప్పడం ఏఐకి చిటికెలో పని. పైగా అది చదివిందంతా మోడల్ నడిచే కంపెనీ సర్వర్లకు వెళ్తుంది.

కాబట్టి ఏఐకి వేరే గుర్తింపు ఇవ్వండి. చిట్టీల సాఫ్ట్‌వేర్ ఉన్న నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్‌లో వేరుచేసిన గది లాంటిది) ఒక సర్వీస్ అకౌంట్ (ప్రోగ్రామ్‌లు వాడే ఖాతా) చేయండి. కుబర్నెటిస్‌లో ముందే ఉన్న "వ్యూ" అనే రోల్‌ను, అంటే చూసే అధికారాల మూటను, రోల్ బైండింగ్‌తో దానికి కట్టండి. పొరపాటున క్లస్టర్ రోల్ బైండింగ్ కట్టారంటే అన్ని నేమ్‌స్పేస్‌లూ కనిపిస్తాయి, చూసుకోండి. వ్యూ రోల్ పాడ్లు, లాగ్‌లు, ఈవెంట్లు (క్లస్టర్‌లో ఏం జరిగిందో చెప్పే నోట్లు) చూపిస్తుంది కానీ సీక్రెట్లను ముట్టనివ్వదు. తర్వాత క్లస్టర్‌కు ఆదేశాలిచ్చే కుబ్‌సీటీఎల్‌లోని క్రియేట్ టోకెన్ కమాండ్‌తో ఎనిమిది గంటలకో, ఒక పూటకో చెల్లే టోకెన్ (తాత్కాలిక తాళం) తీసి, దానితో విడిగా ఒక కుబ్‌కాన్ఫిగ్ రాసి, ఎంసీపీ సర్వర్‌కు ఆ ఫైలు దారి మాత్రమే ఇవ్వండి. ఈ కమాండ్ కుబర్నెటిస్ 1.24 వెర్షన్ నుంచి ఉంది.

కలిపే ముందు ఒక పరీక్ష. కొత్త ఫైలుతో "కుబ్‌సీటీఎల్ ఆథ్ కెన్-ఐ డిలీట్ పాడ్స్" కొట్టండి. "నో" అని రావాలి. డిలీట్ పాడ్స్ బదులు "గెట్ సీక్రెట్స్" పెట్టినా నో రావాలి. ఏ ఒక్కదానికి ఎస్ వచ్చినా అక్కడే ఆగి రోల్ మళ్లీ చూసుకోండి.

ఇక మీ పాడ్ సంగతి. ఇలాంటి చోట నాకు మొదట అనుమానం వచ్చేది మెమరీ మీదే. ఏఐని "ఈ పాడ్ కిందటిసారి ఏ కోడ్‌తో ఆగింది, ఆగకముందు లాగ్‌లో ఏముంది?" అని అడగండి. 137 అని, పక్కనే ఓఓఎం కిల్డ్ అని వస్తే, మీరు పెట్టిన మెమరీ పరిమితి దాటినందుకు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నల్ దాన్ని చంపేసిందని అర్థం. లారీలు ఎక్కువైనప్పుడే పడిపోతోందన్న మీ మాటకూ అది సరిపోతుంది. పడిన ప్రతిసారీ వెంటనే ఎందుకు లేవదంటారా? కుబర్నెటిస్ మొదట 10 సెకన్లు ఆగుతుంది, తర్వాత 20, 40, అలా పెంచుకుంటూ 5 నిమిషాల దాకా పోతుంది. మిల్లు నుంచి ఫోన్లు వచ్చేది ఆ 5 నిమిషాల్లోనే. ఇంకో మాట, ఈవెంట్లను మామూలుగా ఒక గంట మాత్రమే దాస్తుంది. రాత్రి పాడ్ పడిపోయినప్పటి ఈవెంట్ల గురించి పొద్దున టిఫిన్ చేశాక అడిగితే ఏఐ అయినా ఏం చెబుతుంది?

మెమరీ 256 నుంచి 512 ఎంబీకి పెంచమని అది సలహా ఇవ్వొచ్చు. మీ పాత కంప్యూటర్లలో ఆ మెమరీ ఖాళీగా ఉందో లేదో ముందు చూసుకుని, సెట్టింగులు రాసే యామల్ ఫైలు మీరే మార్చి, మీ చేత్తోనే అప్లై చేయండి. మెమరీ అలాగే పెరుగుతూ పోతుంటే పరిమితి పెంచడం వాయిదా వేయడమే, ప్రోగ్రామ్‌లోనే లీక్ ఉంది.

రెండు చోట్ల ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మీ లాగ్‌లో రైతు పేరు, ఫోన్, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు పడుతున్నాయేమో చూడండి. వ్యూ రోల్ సీక్రెట్లను ఆపుతుంది గానీ లాగ్‌లను ఆపదు. మామూలు సెట్టింగులు పెట్టే కాన్ఫిగ్‌మ్యాప్‌లో బద్ధకించి రాసిన పాస్‌వర్డ్‌నూ ఆపదు. రైతుల వివరాలకు పూచీ పడాల్సింది మీరు, మిల్లు యజమాని. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా ఉంది. రెండోది, లారీ నంబర్ రాసే గడిలో ఎవరైనా ఆకతాయి "పాడ్లన్నీ తీసేయ్" అని ఇంగ్లిష్‌లో రాశాడనుకోండి. అది లాగ్‌లోకి, లాగ్ నుంచి ఏఐ ముందుకు వెళ్తుంది. దాన్ని మీ ఆదేశమే అనుకునే ప్రమాదం నిజంగానే ఉంది. చేతిలో వ్యూ రోల్ తప్ప ఏమీ లేకపోతే అనుకున్నా తీసేయలేదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చివరి సంవత్సరం. దివిటిపల్లి ఐటీ టవర్‌లో ఉద్యోగం కోసం చూస్తున్నా. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ నేర్చుకోవచ్చా?

జవాబు: దర్జాగా. ఒకే కంప్యూటర్‌లో ప్రాక్టీస్ క్లస్టర్ నడిపే మినీక్యూబ్‌కు రెండు సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్క్ చాలు. అదే ల్యాప్‌టాప్‌లో ఒల్లామా పెట్టి మోడల్‌ను కూడా నడిపిద్దామంటే ఊపిరాడదు, ఏఐని ఆన్‌లైన్‌లోనే వాడుకోండి. పైన మిర్యాలగూడ మిత్రుడికి చెప్పిన జాగ్రత్తలు మీకు అంతగా అక్కర్లేదు. ప్రాక్టీస్ క్లస్టర్‌కు అడ్మిన్ అధికారమే ఇచ్చి, ఏఐతో చెడగొట్టించి, మీరు బాగుచేయండి. ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి నాలుగు మాటలు అప్పుడే దొరుకుతాయి. రేపు ఉద్యోగం వచ్చాక ఆఫీసు క్లస్టర్‌ను మాత్రం అదే కుబ్‌కాన్ఫిగ్‌లో చేర్చకండి. ఒకే ఫైలులో రెండు కాంటెక్స్ట్‌లు (క్లస్టర్ల వివరాలు) ఉంటే ఏఐ ఏ క్లస్టర్ మీద పనిచేస్తోందో గమనించకుండానే "అలవ్" నొక్కేస్తాం.

ప్రశ్న: వనపర్తి నుంచి. బయటి నుంచి క్లస్టర్‌లోకి దారి చూపే ఇన్‌గ్రెస్ కోసం ఏఐ రాసిచ్చిన యామల్ అప్లై చేస్తే "నో మ్యాచెస్ ఫర్ కైండ్" అంటోంది. స్పెల్లింగ్ అంతా సరిగ్గానే ఉంది.

జవాబు: ఏపీఐ వెర్షన్ లైన్ చూడండి. "ఎక్స్‌టెన్షన్స్, వీ1బీటా1" అని ఉండి ఉంటుంది. ఇంటర్నెట్ నిండా పాత పాఠాలే కాబట్టి ఏఐ దాన్నే ఎత్తి రాస్తుంది. ఇన్‌గ్రెస్‌కు ఆ పాత వెర్షన్‌ను 2021లో వచ్చిన 1.22లో తీసేశారు. ఇప్పుడు "నెట్‌వర్కింగ్.కే8ఎస్.ఐఓ, వీ1" అని రాయాలి. ఆ ఒక్క లైను మారిస్తే సరిపోదు, కొత్తదానిలో పాత్ టైప్ తప్పనిసరి, బ్యాకెండ్ సర్వీస్ రాసే తీరూ మారింది. మీ క్లస్టర్ వెర్షన్ చెప్పి ఏఐతో మళ్లీ రాయించండి. అప్లై చేసేముందు డ్రై రన్‌ను సర్వర్ అని పెట్టి ఒకసారి నడిపితే, ఏమీ మార్చకుండానే తప్పుంటే మీ క్లస్టరే చెబుతుంది.