ముక్కు బాగానే వచ్చింది, కన్నే మసక

ఫోటో ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసే పాత మాన్యువల్ ఫోకస్ లెన్సుల గురించే. బీరువాల మీద, ట్రంకుపెట్టెల్లో పాతికేళ్లుగా పడి ఉన్నవన్నీ ఒక్కసారి కిందికి దిగినట్టున్నాయి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి దాచి, ఈ నెల వీటికే చోటిచ్చాం.

అన్నా, మా తాతయ్యకి ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. ఆయన పెట్టెలో సూపర్ టకుమార్ 55 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ దొరికింది. సెకండ్ హ్యాండ్ సోనీ ఏ6000కి అడాప్టర్ (కెమెరానీ లెన్స్‌నీ కలిపే రింగు) కొని తగిలించా. మొదట క్లిక్కే అవలేదు, మెనూలో ఏదో మార్చాక అయింది. ఇప్పుడు మా అమ్మమ్మని తీస్తే ముక్కు కొస బ్రహ్మాండంగా వస్తోంది, కళ్లు మాత్రం మసక. లెన్స్ పోయిందంటారా?
– ఒక విద్యార్థి, కావలి

లెన్స్ పోలేదు తమ్ముడూ. ముక్కు అంత బాగా వచ్చిందంటే అది దివ్యంగా ఉన్నట్టే. నేను మొదటి ఏడాది తీసిన వాటిలో చెవులే ఎక్కువ, నువ్వు ముక్కు దాకా వచ్చావు, నయం.

నువ్వు మెనూలో మార్చింది ‘రిలీజ్ వితౌట్ లెన్స్’ అయుంటుంది. ఈ పాత లెన్సులకి కరెంటు కాంటాక్టులు ఉండవు కాబట్టి కెమెరాకి అసలు లెన్స్ ఉన్నట్టే తెలియదు, ‘లెన్స్ లేకుండా కూడా క్లిక్ చెయ్యి’ అని దానికి మనం చెప్పాలి. ఇంకొకటి చూడు, ఆ లెన్స్ మీద ఎ, ఎం అని చిన్న మీట ఉంటుంది. అది ఎం వైపే ఉండాలి. ఫిలిం రోజుల్లో క్లిక్ చేసినప్పుడు కెమెరా లోపలి నుంచి లెన్స్ వెనక ఉన్న చిన్న పిన్నుని నొక్కేది, అప్పుడు అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే కంత, ఎఫ్ పక్కన అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) మూసుకునేది. నీ కెమెరాలో ఆ పని చేసేవాళ్లు లేరు. మీట ఎ వైపు ఉంటే నువ్వు రింగు ఎఫ్/8కి తిప్పినా చాలా అడాప్టర్లలో అది ఎఫ్/1.8 దగ్గరే తెరుచుకుని కూర్చుంటుంది, నువ్వేమో ఎందుకు మసకో తెలియక జుట్టు పీక్కుంటావు.

ఇక కళ్ల సంగతి. ఏ6000 మీద ఈ లెన్స్ పెట్టి ఒక మీటరు దూరంలో ఎఫ్/1.8తో తీస్తే స్పష్టంగా ఉండే మందం రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. ముక్కు కొస నుంచి కంటికి అంతకంటే ఎక్కువే ఉంటుంది కదా. పైగా నువ్వు ఫోకస్ చేసి, వేలు బటన్ మీదికి తెచ్చేలోపు మీ అమ్మమ్మ ఊపిరి పీల్చినా, ‘అయిందా అబ్బాయా’ అని ముందుకు వంగినా, నువ్వే కాస్త ఊగినా ఆ రెండున్నర కాస్తా పోతుంది. ముందు ఎఫ్/4తో అలవాటు చేసుకో, అక్కడ దాదాపు అయిదు సెంటీమీటర్లు దొరుకుతుంది. లేదా ఒక అడుగు వెనక్కి జరుగు, దూరం పెరిగేకొద్దీ ఆ మందం గబగబా పెరుగుతుంది.

చాలామంది మోసపోయేది పీకింగ్‌తో. తెర మీద ఎర్రగానో పసుప్పచ్చగానో మెరిసే అంచుల్ని చూసి ఫోకస్ అయిపోయిందనుకుంటారు. అది నలుపు తెలుపుల తేడా ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ మెరుస్తుంది, అంటే కళ్లజోడు ఫ్రేము, ముక్కుపుడక, బొట్టు అంచు, చీర జరీ, అన్నీ మెరుస్తాయి, కన్ను తప్ప. పీకింగ్‌తో దగ్గరికి వచ్చాక, ఫోకస్ మాగ్నిఫయర్‌ని ఏదో ఒక బటన్‌కి పెట్టుకుని, నీకు దగ్గరగా ఉన్న కంటిని పెద్దది చేసి చూడు. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనపడే దాకా రింగు తిప్పు. అక్కడ రింగుని వదిలెయ్యి, ఇక ముట్టుకోకు. ఆ తర్వాత ఫోకస్ సరిచేసేది చేత్తో కాదు, నడుంతో. స్తంభానికో గోడకో ఆనుకుని, మోచేతులు డొక్కకి అదిమి, ఒక వేలెడు ముందుకీ వెనక్కీ కదులుతూ కన్ను తేటపడిన క్షణంలో మూడు నాలుగు వరసగా నొక్కు. ఒకటి కచ్చితంగా వస్తుంది.

షట్టర్ స్పీడ్ సెకనులో 200వ వంతు కంటే తగ్గనివ్వకు. నీ కెమెరా బాడీలో చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు, 55 ఎం.ఎం. అందులో ఫిలిం బదులు ఉండే ఆ చిన్న సెన్సర్ మీద 82 ఎం.ఎం. లెన్స్ లాగా చూస్తుంది, అందుకని వణుకు కూడా పెద్దదై కనపడుతుంది. వెలుగు చాలకపోతే ఐ.ఎస్.ఓ. (తక్కువ వెలుగులోనూ ఫోటో వచ్చేలా చేసే సెట్టింగు) పెంచు. గింజలు గింజలుగా వచ్చిన ఫోటోని ఎవరూ తిట్టరు, కన్ను మసకైతే మాత్రం అమ్మమ్మే ముందు అడుగుతుంది.

నాకు ఆదివారం పగలు తప్ప ఖాళీ ఉండదు. మా ఎండ సంగతి మీకు తెలిసిందే. పిల్లల్ని మేడ మీద తీస్తే కళ్ల కింద నల్లటి గుంటలు, నుదురు సున్నం కొట్టినట్టు తెలుపు. పాత లెన్స్ అయితే మెత్తగా వస్తుందని అంటున్నారు. కొనమంటారా?
– ఒక టీచరు, ఒంగోలు

ముందు మేడ దిగండి. మిట్టమధ్యాహ్నం ఒంగోలు ఎండ నెత్తి మీద పడుతుంటే ఏ దేశపు లెన్స్ అయినా చేసేదేం లేదు.

పాత లెన్స్ మెత్తన అనేది కొంత నిజమే. పూర్తిగా తెరిచి తీస్తే వాటిలో చాలా వాటికి నలుపు తెలుపుల తేడా తగ్గి, మెరిసే చోట్ల చుట్టూ సన్నటి పొగలాంటి వెలుగు పరుచుకుంటుంది. చర్మానికి అది బాగుంటుంది. కానీ కంటి గుంటలో పడ్డ నీడని అది తీసెయ్యలేదు, ఎండ ఉన్న చోటు నుంచి పిల్లని తప్పించడమే దారి.

మీ ఇంటి గడపే మీ స్టూడియో. పాపని గుమ్మానికి లోపల, ఎండ తగలనంత దూరంలో, ఒక మూర లోపలికి పీట వేసి బయటికి చూస్తూ కూర్చోబెట్టండి. వాకిట్లో పడ్డ ఎండ నేల మీంచి లేచి మొహానికి కింది నుంచి కూడా వెలుగిస్తుంది, కళ్ల కింద గుంటలు వాటంతటవే పోతాయి. వెనక గది చీకటిగా ఉంటుంది కాబట్టి లైట్లు ఆపేస్తే చాలు, ఏ తెరా అక్కర్లేదు. మొహంలో కాస్త లోతు కావాలంటే పాపని గుమ్మానికి పక్కకి తిప్పి కూర్చోబెట్టి, వెలుగు ఒక చెంప మీద పడనిచ్చి, రెండో వైపు కుర్చీ మీద ఉతికిన తెల్ల పంచె ఆరేయండి, లేదా థర్మాకోల్ షీటు ఒకటి నిలబెట్టండి. వెలుగు కొలత నుదురు చూసుకుని పెట్టుకోండి. తెల్లగా మాడిపోయిన చోటు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ వెనక్కి రాదు, నీడ అయితే కొంత వస్తుంది.

వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది గానీ ఫోటోకి మోసం. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మొహం మీద పడుతుంది, ఆకుపచ్చ చర్మానికి ఎక్కుతుంది. మన ఇళ్ల గోడలకి వేసే ముదురు పచ్చ, గులాబి రంగులదీ అదే గొడవ. తప్పకపోతే అక్కడే ఒక తెల్ల కాగితం పట్టుకుని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే వచ్చేలా చేసే సెట్టింగు) కొలిచి పెట్టుకోండి.

మీ జిల్లాలోనే ఇంకో మంచి చోటుంది, పొగాకు బ్యారన్, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) కొట్టం. క్యూరింగ్ లేని రోజుల్లో ఖాళీగా ఉన్న బ్యారన్ తలుపు తెరిచి, ఆ గుమ్మంలో మనిషిని నిలబెట్టి చూడండి. ఎత్తైన గోడలు, లోపల మసి చీకటి, వెలుగు వచ్చేది దాదాపు ఆ ఒక్క తలుపు నుంచే. డబ్బు పోసి కట్టిన స్టూడియోల్లో కూడా నేను అంత మంచి వెలుగు చూడలేదు. రైతుని అడిగి వెళ్లండి, వీలైతే ఆయన్నే మొదట తీయండి.

కొత్తపట్నం బీచ్‌కి వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి, మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం మీదే లేస్తాడు కాబట్టి వెనక సముద్రం పెట్టుకుంటే మొహం చీకటి, వెలుగు నేరుగా లెన్స్‌లోకి. పాత లెన్సుల్లో చాలా వాటికి అద్దం మీద మెరుపు తగ్గించే కోటింగ్ ఒక్క పొరే, ఎదురెండలో ఫోటో అంతా పాలు కలిపినట్టు తెల్లబోతుంది. హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) పెట్టండి, లేకపోతే ఎడమ చెయ్యో టోపీయో లెన్స్ పైన అడ్డం పెట్టండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత అయితే సూర్యుడు మీ వీపు వెనక, సముద్రం పాప వెనక, రెండూ కుదురుతాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఒక 50 ఎం.ఎం. ఎఫ్/1.4 చూశా. అద్దం పసుప్పచ్చగా ఉంది, లోపల సన్నటి దారాల్లాంటివి కనపడుతున్నాయి. ‘వయసైపోయింది కదా, అంతే’ అంటున్నాడు అమ్మేవాడు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

పసుపుకి భయపడొద్దు, దారాలకి భయపడండి.

పసుపు థోరియం వల్ల. ఒకప్పుడు అద్దం వెలుగుని బాగా వంచడానికి కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవాళ్లు, టకుమార్ 50 ఎఫ్/1.4లో తర్వాతి రకాలు అలాంటివే. దానికి కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అదే ఆ గాజుని పసుపు చేస్తుంది. ఫోటో తీసుకోవడానికి ఇబ్బందేం లేదు, పగలగొట్టి పొడి పీల్చకపోతే చాలు. అల్ట్రావయొలెట్ వెలుగు తగిలితే ఆ రంగు చాలావరకు విరుగుతుంది. కిటికీ దగ్గర వారాల తరబడి ఎండకి పెట్టేవాళ్లున్నారు, కానీ జాగ్రత్త, లెన్స్ అంటే భూతద్దమే, వెనక కర్టెన్ ఉంటే అంటుకుంటుంది. వెనక వైపు అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెట్టండి, లేదా చిన్న యూవీ ఎల్ఈడీ దీపం కింద పెట్టండి, అదే నిశ్చింత.

దారాలు ఫంగస్. అది కోటింగ్‌ని తిని గాజు మీద గుర్తు వదిలేస్తుంది, కొత్తగా పట్టినదైతే విప్పి తుడిస్తే పోతుంది, ముదిరితే పోదు. టార్చి వెలుగు వెనక నుంచి ఏటవాలుగా వేసి చూస్తే అంతా బయటపడుతుంది. నాలుగు దుమ్ము రేణువులు, ముందు అద్దం మీద సన్నటి గీత ఫోటోలో కనపడవు. వెనక అద్దం మీద గీత ఉంటే వద్దు. అపర్చర్ రెక్కల మీద నూనె మెరుస్తుంటే బేరమాడండి. ఫోకస్ రింగు బిగుసుకుపోయి ఉంటే అది లోపలి గ్రీజు గట్టిపడటమే, మెకానిక్ విప్పి కొత్తది పెడితే సరిపోతుంది.

కొన్నాక ఉంచడం ఇంకో పెద్ద పని. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పైగా తీరం. నేను ఒక ఏడాది మంచి 135 ఎం.ఎం. లెన్స్‌ని అందంగా ఉందని దాని తోలు కేసులోనే పెట్టి బీరువాలో దాచా. తోలు తడి పట్టుకుని వదలదు. సంక్రాంతికి తీసేసరికి లోపల సాలీడు కాపురం పెట్టినట్టుంది. అప్పట్నుంచి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్. నీలం గింజలు గులాబి రంగుకి తిరిగితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు, కాకపోతే దోసెల పెనం మీద మాత్రం వద్దు, ఆ నీలం రంగు కడుపులోకి పోకూడనిది.

హీలియోస్ 44-2 అనే పాత లెన్స్ కొన్నా. ఫోటోలో మనిషి వెనక మసకంతా సుడి తిరిగినట్టు వస్తుందన్నారు. నాకు తిరగట్లేదు.
– ఒక పాఠకుడు, అల్లూరు

ఆ సుడి ఫ్రేము అంచుల్లో ఉంటుంది. మీ కెమెరాది చిన్న సెన్సర్ అయితే అంచులు కోసేస్తుంది, కొంత పోయినట్టే. మిగిలింది రావాలంటే ఎఫ్/2లోనే తీయాలి, మనిషి ఒకటిన్నర, రెండు మీటర్లలో ఉండాలి, వెనక నాలుగైదు మీటర్ల అవతల సందుల్లోంచి వెలుగు చుక్కలుగా కనపడే ఆకులుండాలి. తెల్లగోడ ముందు ఏం తిరుగుతుంది? మీ వైపు సముద్రం ఒడ్డున సరుగుడు తోపులున్నాయి కదా, సాయంత్రం అక్కడికి తీసుకెళ్లండి. ఆ లెన్స్‌కి అపర్చర్ రింగులు రెండుంటాయి, ఒకటి ఎక్కడ ఆగాలో పెట్టడానికి, రెండోది తెరిచి మూయడానికి. తెలియక రెండోది సగం మూసి తీస్తున్నారేమో అది కూడా చూడండి.

నా దగ్గర నికాన్ డి5300 ఉంది. పాత స్క్రూ లెన్సులు పని చేస్తాయా?
– ఒక పాఠకురాలు, కనిగిరి

ఎం42 అనే ఆ స్క్రూ లెన్సులు (మర తిప్పి బిగించేవి) సెన్సర్‌కి 45.46 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, నికాన్ మౌంటు (లెన్స్ బిగించే చోటు) దూరమే 46.5. అందుకని మామూలు అడాప్టర్‌తో దూరంగా ఉన్నవేవీ ఫోకస్ కావు, దగ్గరగా తీసే మొహాలు మాత్రం వస్తాయి. ఆ తేడా సరిచేయడానికి మధ్యలో లెన్స్ అద్దం ఉన్న అడాప్టర్లు అమ్ముతారు, చవకవి ఉన్న నాణ్యతని కూడా చెడగొడతాయి. మీరు నికాన్‌దే పాత మాన్యువల్ 50 ఎం.ఎం. తీసుకోండి, అడాప్టరే అక్కర్లేదు. ఎం మోడ్‌లోనే (అన్నీ మనమే పెట్టుకునేది) పని చేస్తుంది, వెలుగు కొలిచే మీటరు పలకదు, ఒకటి తీసి చూసి సరిచేసుకోవడమే. వ్యూఫైండర్ మూలన ఉండే ఫోకస్ చుక్క మాత్రం వెలుగుతుంది, దాన్ని నమ్ముకోవచ్చు.

రొట్టెల పండుగకి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర మనుషుల్ని తీయాలని ఉంది. అంత జనంలో మాన్యువల్ లెన్స్‌తో కుదురుతుందా?
– ఒక పాఠకుడు, కోవూరు

కుదురుతుంది, కానీ ఒక్కొక్కరికీ ఫోకస్ తిప్పుతూ కూర్చుంటే కాదు. 28 ఎం.ఎం. లెన్స్ ఉంటే ఎఫ్/8 పెట్టి, లెన్స్ మీద చెక్కిన దూరాల్లో 3 మీటర్ల గీత దగ్గర రింగు ఆపేయండి. చిన్న సెన్సర్ కెమెరా మీద రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా తేటగానే వస్తుంది, ఇక మీరు చూడాల్సింది మొహాలే. 55 ఎం.ఎం.తో అయితే ఆ మూడు మీటర్లకి అటూ ఇటూ అర మీటరే, కాస్త కష్టం. పొద్దున్నే వెళ్లండి, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు చెరువు నీళ్లే అద్దంలా పనిచేసి, రొట్టె ఇచ్చేవాళ్లవీ తీసుకునేవాళ్లవీ మొహాలు కింది నుంచి వెలుగుతాయి. ఎవరి కోరిక వాళ్లు మనసులో పెట్టుకుని వచ్చి ఉంటారు, మొహం మీదికి కెమెరా పెట్టేముందు కళ్లతోనైనా అడగండి, తల అడ్డంగా ఊపితే దించేయండి. నీళ్లలోకి దిగేటప్పుడు కెమెరా తాడు మెడలోనే ఉండనివ్వండి, జేబులో పొడి గుడ్డలు రెండు పెట్టుకోండి, ఒకటి లెన్స్‌కి, ఒకటి మీకు.